అసిరమ్మ పీపా

అనగనగా అంటే మరీ అంత అనగా కాదు. రాజుల కాలం పోయింది, దొరల కాలం పోబోతోంది, పెద్ద యుద్ధం అప్పుడే చల్లారింది. ఆ నాటి సంగతి. సముద్రం ఒడ్డున ఓడలు ఆగే ఒక పట్నం ఉండేది. పట్నానికి పడమర ఒక కొండ. కొండ మీంచి దిగే ఒక గెడ్డ, అంటే వాగు. గెడ్డ ఒడ్డున ఒక పేట. పేటలో మూడు వీధులు, అరవై గడపలు. పైన ఉన్నది మెరకవీధి, మధ్యన ఉన్నది నడిమివీధి, కింద ఉన్నది పల్లపువీధి. పేర్లు పెట్టడానికి వాళ్ళేమీ బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

అంతకుముందు అక్కడ పేట లేదు. కూలి కోసం బర్మా దేశం వెళ్ళినవాళ్ళు ఉండేవారు. ఆ రోజుల్లో దాన్ని రంగం వెళ్ళడం అనేవారు. అక్కడ బాంబులు పడితే ప్రాణాలు అరచేత పట్టుకుని అడవుల వెంట నడిచి నడిచి వెనక్కి వచ్చారు. వచ్చేసరికి సొంత ఊళ్ళో ఇల్లు లేదు, గింజ లేదు. ఇంతలో యుద్ధం అయిపోయి మిలిటరీ వాళ్ళు వెళ్ళిపోతూ కొండ కింద రేకుల షెడ్లు వదిలేశారు. వీళ్ళు వాటిలో దూరారు. తడికలు అడ్డం కట్టి ఒక్కో షెడ్డును ఆరేసి కాపురాలు చేసుకున్నారు. మగవాళ్ళు హార్బరులో బస్తాలు మోశారు. ఆడవాళ్ళు కట్టెలు కొట్టి అమ్మారు. అలా పేట అయింది.

పేటంతటికీ చాకలి ఒక్కతే. పేరు అసిరమ్మ. ఆమె మొగుడు రంగం నుంచి నడిచొస్తూ దారిలోనే పోయాడు. ఆమెకు మిగిలింది ఒక కూతురు, పైడమ్మ. తరవాత సంపాదించుకున్నది ఒక గాడిద. కూతుర్ని పల్లపువీధిలో ఉంటూ హార్బరులో బస్తాలు మోసే తమవాళ్ళ అబ్బాయికే ఇచ్చి పెళ్ళి చేసి, తను గాడిదతో ఉండిపోయింది.

అసిరమ్మకు చదువు రాదు. అయినా అరవై గడపల గుట్టూ ఆమె దగ్గరే ఉండేది. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ నల్లటి పసరుతో ప్రతి బట్ట అంచునా ఇంటి గుర్తు పెట్టేది. ఒకరికి ఒక చుక్క, ఒకరికి రెండు చుక్కలు, ఇంకొకరికి చుక్క కింద గీత. బట్ట చిరిగిపోతుంది గాని ఆ గుర్తు పోదు. మూట విప్పగానే ఏ ఇంట్లో బిడ్డ పుట్టిందో, ఏ ఇంట్లో పిల్ల పెద్దమనిషి అయిందో, ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో ఆమెకు తెలిసిపోయేది. తెలిసినా పెదవి విప్పేది కాదు. మూటలో చూసింది నోటితో చెప్పకూడదని ఆమెకు అత్తగారు నేర్పింది.

అత్తగారు ఇంకొకటి కూడా నేర్పింది. మామూలు బట్టలు ఎలాగైనా ఉతుక్కోవచ్చు. చనిపోయిన మనిషి బట్టలు, అంటే మైలమూట, ముందు పారే నీళ్ళలో ముంచాలి. ఆ తరవాతే చౌడు పట్టించి, బానలో వేసి ఉడకబెట్టాలి. పోయినవాళ్ళ ఊపిరి కొంచెం బట్టల్లో మిగిలి ఉంటుందట. చన్నీళ్ళు తగిలితే అది చల్లగా వెళ్ళిపోతుందట. ముందే నిప్పు చూపిస్తే పోయిన మనిషిని రెండుసార్లు కాల్చినట్టట. అందుకని ఆ ఇంటి మగవాడు ఒకడు మూట వెంట రేవు దాకా వచ్చేవాడు. బండ దగ్గర నిలబడి, మూట మునగడం కళ్ళారా చూసి, వెనక్కి తిరక్కుండా ఇంటికి పోయేవాడు. ముందు నీళ్ళు, తరవాత నిప్పు. అసిరమ్మ తల్లి అలాగే చేసింది, అత్త అలాగే చేసింది, అసిరమ్మా అలాగే చేసేది.

ఇక నీళ్ళ సంగతి చెప్పాలి. మెరకవీధి వాళ్ళు కొండ ఊట దగ్గర పట్టుకునేవాళ్ళు. దానికి కొంచెం కింద, గెడ్డలో, అసిరమ్మ బండ. నడిమివీధిలో మిలిటరీ వాళ్ళు తవ్విన ఇటుకల బావి ఉంది గాని నీళ్ళు ఉప్పన. ఇంకా కింద, పల్లపువీధి వాళ్ళు గెడ్డ ఇసకలో చెలమలు తీసుకునేవాళ్ళు. చేత్తో గుంట తవ్వడం, నీళ్ళు ఊరుతుంటే కొబ్బరిచిప్పతో ముంచుకోవడం. ఆ నీళ్ళు తియ్యన. పల్లపువీధి కోడళ్ళకు ఆ నీళ్ళంటే ఎంత గీరో చెప్పలేను. "నడిమివీధోల పప్పు పొద్దున్న ఎక్కిస్తే మాపటికి గాని ఉడకదు. మా పప్పు పొంగు రాకముందే మెత్తబడిపోతాది" అని మూతి తిప్పుకునేవాళ్ళు. పప్పు సంగతి మాత్రం నిజమే.

పేట లేచి రెండేళ్ళయ్యాక జబ్బు వచ్చిపడింది. మొదటి ఏడు వానలు పడ్డాయి. మెరకవీధిలో ఒకతనికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రానికి పోయాడు. అయిదు రోజులకి పల్లపువీధిలో పాడె లేచింది. ఒకటితో ఆగలేదు. వానలు వెలిసేసరికి పందొమ్మిది పాడెలు. అందులో ఒకడు పైడమ్మ మొదటి కొడుకు. నడక నేర్చిన వారానికే పోయాడు.

మరిడమ్మకు కోపం వచ్చిందన్నారు. ఆ జబ్బును తెచ్చేదీ ఆ తల్లే, తీసుకుపోయేదీ ఆ తల్లే అని వాళ్ళ నమ్మకం. మూడు వీధులూ కలిసి కోళ్ళు కోశాయి, ఘటాలు ఎత్తాయి.

రెండో ఏడు వానలు పడ్డాయి. మెరకవీధిలో ఒక ముసలామె పోయింది. అయిదు రోజులకి పల్లపువీధిలో పాడె లేచింది. ఈసారి ఇరవై మూడు. అందులో ఒకతె పైడమ్మ రెండో బిడ్డ. ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆ పసిగుడ్డు బట్టలు కూడా అసిరమ్మే రేవుకి తెచ్చుకుంది. పైడమ్మ మొగుడు బండ దగ్గర నిలబడ్డాడు. మూట జానెడు కూడా లేదు. దాన్ని నీళ్ళలో ముంచి, అసిరమ్మ బండ మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడుస్తున్నంతసేపూ గాడిద కదలకుండా నిలబడిందని ఇప్పటికీ గొప్పగా చెబుతారు. అది గాడిద కాబట్టి మామూలుగానే నిలబడి ఉంటుంది.

ఆ రోజుల్లో పట్నం మునిసిపాలిటీలో మార్కండేయులు గారని ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉండేవారు. సైకిలు మీద వచ్చేవారు, చంకలో ఒక పుస్తకం. ఎవరు ఎందువల్ల చనిపోయారో అందులో రాసుకోవాలి. పేటవాళ్ళు ఆయనకు నిజం చెప్పేవారు కాదు. కలరా అంటే చాలు, జబ్బుమనిషిని ఊరవతల పాకకి మోసుకుపోతారు. ఆ పాక నుంచి తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని ఒకరు గుండె ఆగిందనేవారు, ఒకరు పాము కరిచిందనేవారు. రెండో ఏడు ఆయన పుస్తకంలో పేటలో పద్నాలుగుమంది పాము కరిచి పోయారు. అన్ని పాములుంటే అక్కడ మనుషులెలా ఉంటున్నారయ్యా అని పైఅధికారి ఆయన్ని కసిరాడు.

పేట గుట్టు అసిరమ్మకు తెలుసని ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన మొదటి ఏడు వచ్చి అడిగారు. "నాకేటి తెల్దు బాబూ, గుడ్డలుతుక్కునేదాన్ని" అంది. రెండో ఏడు వానల్లో వచ్చి అడిగారు. "మూటలో సంగతి సెప్పకూడదు బాబూ" అంది. మనవరాలు పోయిన పదో రోజున మూడోసారి వచ్చారు. ఈసారి పుస్తకం తెరవలేదు. టోపీ తీసి పక్కన పెట్టుకుని ఇసకలో కూచున్నారు.

"అసిరమ్మా, నాకు పేర్లొద్దు. ఎవరింట్లోనో కూడా వద్దు. ఏ చావు ముందు, ఏ చావు తరవాత, ఏ వీధిలో. అది చెప్పు చాలు" అన్నారు.

అసిరమ్మ ఆలోచించింది. పేర్లు చెప్పకపోతే అత్తగారి మాట దాటినట్టు కాదనుకుంది. ఇసకలో వేలితో మూడు గీతలు గీసింది, ఒక్కో వీధికి ఒక్కో గీత. గెడ్డలోంచి ఒడినిండా గులకరాళ్ళు ఏరుకొచ్చింది. కళ్ళు మూసుకుంటే గుర్తులన్నీ వరసగా కనబడ్డాయి. చుక్కలు, గీతలు, చుక్కల కింద గీతలు. మూట వచ్చిన వరసలోనే రాళ్ళు పెట్టుకుంటూ పోయింది. మొదటి ఏడు మెరకవీధి గీత మీద ఒక రాయి, పల్లపువీధి గీత మీద పందొమ్మిది. రెండో ఏడు మెరకవీధి గీత మీద ఒక రాయి, పల్లపువీధి గీత మీద ఇరవై మూడు. నడిమివీధి గీత మీద ఒక్క రాయీ పడలేదు.

మార్కండేయులు గారు ఖాళీగా ఉన్న నడిమివీధి గీత మీద వేలు పెట్టారు.

"మెరకవీధి నుంచి పల్లపువీధికి వెళ్ళాలంటే నడిమివీధి దాటాలి కదమ్మా. జబ్బు అక్కడ అడుగు పెట్టకుండా ఎలా దిగింది?"

"ఆళ్ళు ఉప్పుబావి నీళ్ళు తాగుతారు బాబూ, గెడ్డ నీళ్ళు ముట్టరు" అంది అసిరమ్మ. అంటూనే ఆమె చెయ్యి రాళ్ళ మీద ఆగిపోయింది.

"అంటే వీధి వెంట రాలేదు. గెడ్డ వెంట వచ్చింది. అయితే మెరకవీధికీ చెలమలకీ మధ్యన గెడ్డలో ఏముందమ్మా?"

అసిరమ్మ వెనక్కి తిరిగి తన బండ వంక చూసింది.

"నానున్నాను బాబూ" అంది.

ఆయన ఇసకలో ఆమె దగ్గరికి జరిగి కూచున్నారు. తరవాత మెల్లిగా చెప్పారు. ఈ జబ్బుకి ఒక పురుగు ఉంటుందని, అది కంటికి కనబడదని, రోగి వాంతుల్లోనూ విరేచనాల్లోనూ ఉంటుందని, బట్టకు అంటుకుని బట్టతో పాటు నీళ్ళలో దిగుతుందని, ఆ నీళ్ళు తాగినవాళ్ళ కడుపులో చేరుతుందని.

"అది ఎలగ సస్తాది బాబూ?"

"మరిగే నీళ్ళలో అరగంట ఉంటే చచ్చిపోతుంది."

"నాను ఉడకబెడతానే ఉన్నాను గదా."

"ఉడకబెడుతున్నావమ్మా. ముంచిన తరవాత."

అసిరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. నీళ్ళలో నానీ నానీ తెల్లగా ముడతలు పడిన చేతులు. "తెలీక చేసింది తప్పు కాదమ్మా" అన్నారాయన. "తెలిసినాక సేస్తే?" అని అడిగింది ఆమె.

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. తెరవలేదు. "ఇది రాస్తే నీ రేవు మూసేస్తారు. నీ నోటి దగ్గర కూడు పోతుంది. రాయకపోతే వచ్చే వానకి మళ్ళీ పాడెలు లేస్తాయి. నన్నేం చేయమంటావు?"

"నా కూడు సంగతి అలగుంచు బాబూ. రేవు మూసేస్తే మైలమూటలు ఆగిపోతాయేటి? ఎవల మూట ఆళ్ళే ఎక్కడ పడితే అక్కడ ముంచుకుంటారు. గెడ్డంతా రేవైపోతాది. నాకు ఒక్క వాన ఒగ్గు. మూట ముందు నిప్పు సూసేలాగ నాను సేస్తాను" అంది.

చదువుకున్నవాడికి తట్టని మాట అది. ఆయన ఒప్పుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ, చెలమ నీళ్ళు తాగొద్దు, బావి నీళ్ళు తాగండి అని పేటలో టముకు వేయించారు. పల్లపువీధి పకపకా నవ్వింది. "మరి పప్పెలగ ఉడుకుతాది?" అంది.

అసిరమ్మ పనిలో పడింది. షెడ్ల వెనకాల మిలిటరీ వాళ్ళు పారేసి పోయిన ఇనుప పీపాలు గుట్టగా ఉండేవి, పెట్రోలువి. ఒకదాన్ని తాడు కట్టి గాడిద చేత లాగించింది. కమ్మరి చేత పైమూత కోయించింది. లోపల తాటాకులు వేసి కాల్చింది, ఇసకతో తోమింది. ఒకసారి కాల్చి తోమింది, రెండుసార్లు కాల్చి తోమింది, మూడోసారికి కంపు పోయింది. మట్టిబానలో మూటను విప్పి కొంచెం కొంచెం వేయాలి. పీపాలో అయితే మూట మూటగా దించేయొచ్చు. గెడ్డకు దూరంగా, గట్టు మీద, మూడు పెద్ద రాళ్ళ మీద దాన్ని నిలబెట్టింది. ఉడికిన నీళ్ళు పారబోయడానికి పక్కనే గొయ్యి తవ్వింది.

అంతా అయింది గాని అసలు పని మిగిలిపోయింది. పైడమ్మ మూడోసారి కడుపుతో ఉంది. చెలమ నీళ్ళే తాగుతోంది. ఆ రెండు ప్రాణాలు ఎలా పోయాయో కన్నకూతురికి చెప్పాలి.

మొదటిసారి చెబుదామని వెళ్ళింది. పైడమ్మ ఎదురొచ్చి, ఎండలో వచ్చావని చెంబుతో చెలమ నీళ్ళు చేతికిచ్చింది. అసిరమ్మ ఆ చెంబు పట్టుకుని కాసేపు కూచుని, దాన్ని అరుగు మీద పెట్టేసి వచ్చేసింది. రెండోసారి వెళ్ళింది. "బావి నీళ్ళు తాగే, అమ్మా" అని మాత్రం అనగలిగింది. "ఉప్పునీళ్ళు తాగితే కాళ్ళు వాస్తాయంటన్నారే, కడుపుతోటి ఉన్నదాన్ని" అంది పైడమ్మ. మూడోసారి వెళ్ళింది. పైడమ్మ గోడకు చేరబడి కూచుని ఉంది. "అమా, ఈ బిడ్డనైనా ఒగ్గమని మరిడమ్మకి మొక్కినాను. ఆ తల్లికి నామీద ఎందుకింత పగో నాకు తెల్దు" అంది. అసిరమ్మ నోరు తెరిచింది. కూతురి తల నిమిరి వెనక్కి వచ్చేసింది.

మూడో ఏడు వానలు పడ్డాయి. మెరకవీధిలో దాలినాయుడి తల్లి పోయింది.

దాలినాయుడంటే పేటకు పెద్ద. రంగం నుంచి వీళ్ళందర్నీ నడిపించుకొచ్చింది ఆయనే. నడవలేని తల్లిని వీపున కట్టుకుని దారంతా మోసుకొచ్చాడు. అటువంటి తల్లి ఇప్పుడు ఒక్క పూటలో వాంతులతో పోయింది. శవాన్ని లేపే ముందు ఆవిడ బట్టల మూట ఎత్తుకుని ఆయనే రేవుకి వచ్చాడు. ఆయన వెనక మూడు వీధుల జనమూ వచ్చారు. కడవ చంకనెత్తుకుని పైడమ్మ కూడా వచ్చింది.

గట్టు మీద పీపా నిండా నీళ్ళున్నాయి. కింద కట్టెలు పేర్చి ఉన్నాయి. అసిరమ్మ ఎదురొచ్చింది.

"నాయుడు బాబూ, ఈ మూట ముందు నీళ్ళు సూడకూడదు. ముందు నిప్పు సూడాల. తరవాతే నీళ్ళు."

"ఏటన్నావే?"

"ముందు నిప్పు, తరవాత నీళ్ళు."

దాలినాయుడు ఆమెను తప్పుకుని గెడ్డలోకి దిగబోయాడు. అసిరమ్మ గబగబా దిగి, మోకాలి లోతు నీళ్ళలో రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది. ఆడమనిషిని తోసుకుపోవడానికి ఆయనకు చేతులు రాలేదు. మూటను గుండెకు హత్తుకున్నాడు.

"మాయమ్మని ఈపు మీద మోసుకొచ్చినాను. మూడు కొండలు ఎక్కినాను, మూడు ఏర్లు దాటినాను. ఎక్కడా కిందన ఎట్టనేదు. ఇప్పుడు ఆయమ్మని నువ్వు రెండోపాలి కాలుస్తానంటే నాను సూస్తా ఉండాలా?"

జనం గొణుక్కున్నారు. దీనికి మతి పోయిందన్నారు. అసిరమ్మ ఆయన వంక చూడలేదు, జనం వంక చూడలేదు. ఒడ్డున కడవతో నిలబడ్డ కూతురి వంక చూసింది.

"పైడీ, ఇను. నీ పిల్లల్ని మరిడమ్మ తీసుకెల్లనేదు. నాను తీసుకెల్లినాను. మైలమూట ముంచితే అందులో రోగం నీళ్ళలో దిగతన్నాది. ఆ నీళ్ళు నీ చెలమకి వస్తన్నాయి. పోయినేడు ముంచినాను, అంతకుముందేడు ముంచినాను. ఈ సేతుల్తోనే ముంచినాను. పల్లపువీధిలో నలబై రెండు పేణాలు. అందులో నీయి రెండు."

జనం వెనక నుంచి ఎవడో "దీన్ని పేటలోంచి తరిమెయ్యాల" అన్నాడు. ఇంకొకడు "అవునవును" అన్నాడు. బిడ్డలు పోయిన తల్లులు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళు అసిరమ్మ వంక చూసిన చూపు చెప్పతరం కాదు.

పైడమ్మ కడవ కింద పెట్టింది. నీళ్ళలోకి దిగి తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకప్పుడు తెల్సా అమా?"

"తెల్దు."

"ఇప్పుడు తెల్సు గదా?"

"తెల్సు."

పైడమ్మ ఇటు తిరిగి తల్లి పక్కన నిలబడింది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. "నాయుడు బాబూ, ఈ కడుపులోది తాగవలసింది ఈ నీళ్ళే. ముంచుతావో ఉడకబెడతావో నువ్వే సెప్పు" అంది.

దాలినాయుడు చేతిలో మూట వంక చూశాడు. నిలబడ్డ ఆ ఇద్దరాడవాళ్ళ వంక చూశాడు. తల్లిని తలుచుకున్నాడో ఏమో, ఆయన కళ్ళు నిండాయి. వెనక్కి తిరిగి గట్టెక్కాడు. మూటను తన చేత్తోనే పీపాలోకి దించాడు.

"కొరివి ఎట్టవలసినోణ్ణి నాను. దీని కింద నిప్పు కూడా నానే ఎడతాను. ఈ నిప్పే కుండలో ఎత్తుకుని కాటికి పట్టుకెల్తాను. ఒకటే నిప్పు. అప్పుడు రెండుపాల్లు కాల్చినట్టు కాదు గదా?" అన్నాడు.

అంత పెద్ద చిక్కును అంత చిన్నమాటతో విడదీశాడు. కాదు, కాదు అన్నారు జనం. పీపా కింద మంట లేచింది. నీళ్ళు మరిగాయి. అరగంట అయిందని అసిరమ్మ చెప్పేదాకా ఒక్కరూ కదల్లేదు. దాలినాయుడు ఆ నిప్పుల్లోంచే కొన్ని కుండలో ఎత్తుకుని వెళ్ళి తల్లికి కొరివి పెట్టాడు.

ఒక రోజు గడిచింది. మూడు రోజులు గడిచాయి. పైడమ్మ తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు దగ్గరికి వేసుకుని ఇద్దరు బిడ్డల్నీ తలుచుకుని ఏడ్చింది. నాలుగో రోజు చెంబుతో గంజి పట్టుకుని తల్లి గుడిసెకు వచ్చి పక్కన కూచుంది. ఇద్దరూ కలిసి తాగారు. అయిదో రోజు పల్లపువీధి అంతా పొద్దున్నే గుమ్మాల్లో నిలబడి ఏ ఇంట్లోంచి ఏడుపు వస్తుందా అని చెవులు రిక్కించింది. ఏ ఇంట్లోంచీ రాలేదు. పదో రోజు రాలేదు. వానలు వెలిసేదాకా రాలేదు. ఆ ఏడు పల్లపువీధిలో లేచిన పాడె ఒక్కటే. అది కూడా తొంభై ఏళ్ళ ముసలాయనది, కోడలు వద్దన్నా వినకుండా పనసతొనలు తిని.

పైడమ్మకు ఆడపిల్ల పుట్టింది. ముందు ఇద్దరు పోయారు కాబట్టి ఆనవాయితీ ప్రకారం బిడ్డను పక్కింటామెకు ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. తవిటమ్మ అని పేరు పెట్టారు. పిల్ల నడిచింది, పరిగెత్తింది, రెండు జడలు వేసుకుంది. పేటలో పాములన్నీ ఏమైపోయాయయ్యా అని పైఅధికారి మార్కండేయులు గారిని అడిగాడట. ఆయన జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాసి చూపించారు. చుట్టుపక్కల పేటలవాళ్ళు వచ్చి పీపా చూసి వెళ్ళారు. ఒక్కో పేటా ఒక్కో పీపా దొర్లించుకుపోయింది. మిలిటరీ వాళ్ళు దేనికి తెచ్చారో దేనికి పనికొచ్చాయో చూడండి.

ఏళ్ళు గడిచాయి. అసిరమ్మ ముసలిదయింది. ఏ జబ్బూ చేయలేదు. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి, నీడన నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

అప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. అందరి మైలమూటలూ ఉతికిన మనిషి పోయింది. ఆమె మూట ఎవరుతకాలి? పద్ధతి ప్రకారం పక్కపేట చాకలి వచ్చి నిలబడ్డాడు. పేట అతనికి మూట ఇవ్వలేదు. మేముతుకుతామంది మెరకవీధి. కాదు, మేమంది నడిమివీధి. మీకేటి హక్కున్నాది, మా బిడ్డలు బతికినారు, మేమంది పల్లపువీధి. చాకలి పని ముట్టని ఇళ్ళు కూడా ఆ తగువులో ఉన్నాయి. తీరా చూస్తే అసిరమ్మ మూటలో ఉన్నవి రెండే చీరలు.

దాలినాయుడు అప్పటికి కర్ర ఊతం లేకుండా నిలబడలేడు. ఆయనే తీర్పు చెప్పాడు. రెండు చీరల్నీ అరవై ముక్కలు చేశారు. పైడమ్మ పీపా కింద నిప్పు పెట్టింది. ఆ నిప్పునే అరవై గడపలూ తలా కొంచెం పట్టుకుపోయాయి. కుండలు, డేగిసాలు, నూనె డబ్బాలు, ఎవరికి ఏది ఉంటే అది పొయ్యి మీద పెట్టి, గుమ్మం ముందే తమ వాటా ముక్కను ఉడకబెట్టుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం మూడు వీధుల్లోనూ పొగే పొగ. కళ్ళు మండుతున్నాయని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, నిజానికి అందరూ ఏడుస్తున్నారు.

పైడమ్మ కూతురు తవిటమ్మ అప్పటికి పదకొండు రోజుల బాలెంత. వాటాకి వచ్చిన ముక్కను ఉడికించి, ఉతికి, ఎండలో ఆరేసింది. ఆరాక తీసుకొచ్చి తన పసిబిడ్డను అందులో చుట్టింది. చుట్టూ ఉన్న ముసలమ్మలు నోళ్ళు నొక్కుకున్నారు.

"సచ్చిపోయినోల గుడ్డలో పసిగుడ్డుని సుడతావేటే?"

"ఉడికింది గదా" అంది తవిటమ్మ.

ముసలమ్మల్లో ఒకామె లేచి వచ్చి, గుడ్డ అంచు సరిచేసి, బిడ్డ పాదాలు కప్పింది.

ఇప్పుడు అక్కడ రేకుల షెడ్లు లేవు. మేడలు లేచాయి, వీధి వీధికీ కుళాయిలు వచ్చాయి, గెడ్డ మీద సిమెంటు పలకలు పరిచేశారు. అయినా ఆ పేటవాళ్ళింట్లో ఎవరైనా పోతే, కొరివి పెట్టేవాడు ముందు గుమ్మంలో బట్టలు ఉడికే గిన్నె కింద నిప్పు పెడతాడు. ఆ నిప్పుతోనే బయలుదేరతాడు. ఎవరైనా పుడితే, పోయిన పెద్దావిడ చీర ఒకటి తీసి, ముక్క చింపి, అరగంట ఉడికించి, ఎండలో ఆరేసి, మొట్టమొదట బిడ్డను అందులోనే చుడతారు. కొత్త చొక్కాలు, టోపీలు ఎన్ని ఉన్నా ఆ తరవాతే. చూడ్డానికి వచ్చినవాళ్ళు బిడ్డ ఏదమ్మా అని అడుగుతారు. తల్లి ఒళ్ళో ఉన్నా, ఉయ్యాలలో ఉన్నా ఆ ఇంట్లోవాళ్ళు చెప్పే జవాబు ఒకటే.

"అసిరమ్మ ఒళ్ళో ఉన్నాది" అంటారు.